నిలబెట్టిన కారు – దూర ప్రయాణం



వార్షికోత్సవ సంచికలో కార్ల గురించి వ్యాసమేమిటి, మనలో కారున్నవాళ్లు ఎందరు అని మీకు అనిపించవచ్చు. కారు ఒకరిది అయినా, తాళం చాలాసార్లు ఇంకొకరి చేతిలో ఉంటుంది. మన హాస్టల్లో చదివి వెళ్లిన అన్నల్లో డ్రైవర్లున్నారు, షెడ్డుల్లో పనిచేసే మెకానిక్‌లున్నారు, ఐ.టి.ఐ.లో మోటార్ మెకానిక్ ట్రేడు చదువుతున్నవాళ్లున్నారు. మా నాన్న హైదరాబాద్‌లో యాక్టింగ్ డ్రైవర్. ఎవరు పిలిస్తే వాళ్ల కారు నడిపి, రోజుకూలి తీసుకుంటారు. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేను. ఇప్పుడు మెకానికల్‌లో ఎం.టెక్. చదువుతున్నాను. నాన్నకు అనుభవంతో తెలిసిన విషయాలకు పుస్తకాల్లో కారణాలు వెతకడం నాకు అలవాటు. అలా తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

మామూలు కార్లకంటే ఎక్కువ శక్తి, ఎక్కువ వేగం కోసం తయారైన వాటిని పర్ఫార్మెన్స్ కార్లు అంటారు. ఉదాహరణకు 2004లో మన దేశంలోకి వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్.ఎస్. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, 150 హార్స్‌పవర్. ఇలాంటి కార్లను ఇష్టంగా దాచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రోజూ ఆఫీసుకు వేరే కారు, ఇది మాత్రం కవరు కప్పుకొని నెలల తరబడి సెల్లారులో. ఒకరోజు హఠాత్తుగా డ్రైవర్‌కు ఫోను వస్తుంది: "ఎల్లుండి వైజాగ్ పోవాలి, బండి కడిగి పెట్టు." హైదరాబాద్ నుంచి విశాఖపట్నం సుమారు 620 కిలోమీటర్లు. కడిగితే కారు మెరుస్తుంది కానీ ప్రయాణానికి సిద్ధం కాదు.

ముందుగా గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒకటే. తిరిగే బండి అరుగుతుంది, నిలబడ్డ బండి పాడవుతుంది. అరుగుదలను కిలోమీటర్ల మీటరు చూపిస్తుంది. పాడవడాన్ని ఏ మీటరూ చూపించదు, దానికి క్యాలెండరే చూడాలి. కాబట్టి "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" అని కాకుండా "ఇది మార్చి ఎన్నాళ్లయింది?" అని ఒక్కొక్క భాగాన్నీ అడగాలి.

1. బ్యాటరీ

తాళం తీసినా కారు పూర్తిగా నిద్రపోదు. గడియారం, అలారం, కంప్యూటరు కొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. రోజుకు 24 గంటలు కనుక 1.2 ఆంపియర్ అవర్లు పోతాయి. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 25 రోజుల్లో సగం ఖాళీ అవుతుంది. ఖాళీగా ఎక్కువకాలం ఉన్న బ్యాటరీ పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, తిరిగి చార్జింగ్ పూర్తిగా ఎక్కదు.

కొన్ని వందల రూపాయల మల్టీమీటరుతో దీన్ని తెలుసుకోవచ్చు. ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగమే. ఇంజను నడుస్తున్నప్పుడు 14 వోల్టుల దగ్గర ఉంటే ఆల్టర్నేటర్ బాగానే పనిచేస్తోంది. తోసి స్టార్టు చేసి, "ఇప్పుడు బాగానే ఉంది" అనుకొని బయలుదేరితే టీ తాగడానికి ఆపిన చోటే రాత్రి గడపాల్సి రావచ్చు.

2. టైర్లు

అన్నిటికంటే ప్రాణానికి దగ్గరైన విషయం ఇదే. నిలబడ్డ కారు టైర్ల మీద గీతలు కొత్తవాటిలా కనిపిస్తాయి, ఎందుకంటే అవి తిరగలేదు. కానీ రబ్బరు తిరగకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఎండ, వేడి దాన్ని గట్టిపరిచి, పక్కగోడల మీద సన్నని పగుళ్లు తెస్తాయి.

టైరు వయసు టైరు మీదే రాసి ఉంటుంది. పక్కగోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 3119 అని ఉంటే 2019వ సంవత్సరం 31వ వారంలో తయారైనదని అర్థం. అయిదేళ్లు దాటితే ఏటా తెలిసినవాళ్లకు చూపించమని, పదేళ్లు నిండితే గీతలున్నా తీసేయమని టైర్ల కంపెనీలు చెబుతాయి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి.

ఇప్పుడు చిన్న లెక్క. టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. 620 కిలోమీటర్లలో అది 3 లక్షల 10 వేల సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ నేలకు తగిలిన భాగం నొక్కుకుని మళ్లీ లేస్తుంది. ఈ వంగడంలోనే వేడి పుడుతుంది. గాలి తక్కువైతే ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. పాత టైరు, తక్కువ గాలి, మే నెల ఎండ, వేగం – ఈ నాలుగూ కలిస్తే టైరు పేలుతుంది.

మూడేళ్ల క్రితం నాన్న ఒక యజమాని కారు తీసుకుని విజయవాడ వైపు వెళ్లారు. ఎనిమిది నెలలు నిలబడ్డ బండి. సూర్యాపేట దాటాక వెనక టైరు పేలింది. కారు డివైడర్ దాకా జారి ఆగింది. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ "నీకు నడపడం రాదు" అని ఆ రోజు కూలి ఇవ్వలేదు. తర్వాత అంకెలు చూస్తే ఆ టైరు వయసు పదకొండేళ్లు. తప్పు ఎక్కడుందో టైరు మీదే రాసి ఉంది. చదవడం తెలిసినవాళ్లే ఆ రోజు అక్కడ లేరు.

గాలి ఎంత పెట్టాలో డ్రైవర్ తలుపు దగ్గర గానీ, పెట్రోలు మూత లోపల గానీ స్టిక్కరు ఉంటుంది. ఉదయం, బండి కదలక ముందే కొలవాలి. దారిలో వేడి మీద ఎక్కువ చూపించిందని గాలి తీయకూడదు. టైరు మార్చాల్సి వస్తే సైజుతో పాటు వేగం అక్షరం కూడా చూడాలి: హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్లు, వి అంటే 240, డబ్ల్యు అంటే 270. కంపెనీ సూచించిన దానికంటే తక్కువ అక్షరం వేయకూడదు. స్టెప్నీ వయసూ చూడండి. కొన్ని కార్లలో అది సన్నగా ఉంటుంది, దాని మీద 80 దాటకూడదు.

3. బ్రేకులు

తొమ్మిదో తరగతిలో గతిశక్తి సూత్రం చదివాం కదా. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. 1,400 కిలోల కారు గంటకు 108 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, అంటే సెకనుకు 30 మీటర్లు, దాని గతిశక్తి 6 లక్షల 30 వేల జౌళ్లు. ఆగాలంటే ఇందులో ఎక్కువ భాగం బ్రేకుల్లోనే వేడిగా మారాలి. దాదాపు రెండు లీటర్ల నీళ్లను మరిగే స్థితికి తెచ్చేంత వేడి అది.

ఆ వేడి బ్రేకు ద్రవానికీ చేరుతుంది. ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దగ్గరికి పడిపోవచ్చు. ద్రవం మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. పెడలు మెత్తగా కిందికి పోతుంది, కారు ఆగదు. అందుకే బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి బ్రేకు ద్రవం మార్చాలి.

డిస్కుల మీద పల్చని తుప్పు నాలుగు బ్రేకులతో పోతుంది. గుంటలు పడితే మార్చాల్సిందే. నెలల తరబడి హ్యాండ్ బ్రేకు వేసి ఉంచితే అది పట్టేసుకోవచ్చు. నిలిపేటప్పుడు గేరులో పెట్టి, చక్రాల కింద చెక్కలు పెట్టడం మంచిది.

4. ఆయిలు, కూలెంటు, బెల్టు

ఇంజను ఆయిలు సంవత్సరం దాటితే వెయ్యి కిలోమీటర్లే తిరిగినా మార్చాలి. వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపడం మేలు చేయదు. ఇంజను పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన తేమ ఆవిరవదు. చాలాకాలం తర్వాత స్టార్టు చేసినప్పుడు వెంటనే యాక్సిలరేటర్ తొక్కకూడదు. ఆయిలు పైదాకా ఎక్కనివ్వాలి. టర్బో ఉన్న కార్లలో ఇది మరీ ముఖ్యం. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాన్ని కాపాడేది పల్చని ఆయిలు పొరే. వేగంగా నడిపి ఆపేముందు కూడా ఒకటి రెండు నిమిషాలు ఇంజనును నెమ్మదిగా నడవనివ్వాలి.

రేడియేటర్లో తగ్గిందని బోరు నీళ్లు పోయకండి. మన నీళ్లలోని సున్నం లోపల పొరకట్టి వేడిని బయటకు పోనివ్వదు. కంపెనీ చెప్పిన కూలెంటునే వాడాలి. వేడి మీద మూత ఎప్పుడూ తీయకూడదు.

రబ్బరు టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్లలో దాని గడువు కిలోమీటర్లలోనే కాక సంవత్సరాల్లోనూ ఉంటుంది. అది తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వాల్వులను కొడతాయి. బెల్టు ఖర్చు వేలల్లో, ఇంజను ఖర్చు లక్షల్లో.

5. పెట్రోలు, ఎలుకలు

పెట్రోలు కూడా పాతబడుతుంది. తేలికగా ఆవిరయ్యే భాగాలు పోయి, జిగురు మిగులుతుంది. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్ కూడా తేమను పీల్చుకుంటుంది. పాత కార్ల పెట్రోలు గొట్టాలు ఇంత ఇథనాల్ కోసం తయారైనవి కావు. పగుళ్లు, వాసన, చెమ్మ ఉన్నాయేమో చూసి మార్పించాలి. ఆరేడు నెలల పాత పెట్రోలుంటే తీయించి కొత్తది పోయించాలి.

ఇక ఎలుకలు. తాళం తిప్పే ముందే బానెట్ ఎత్తండి. వైర్లు కొరికాయా, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడు కట్టాయా చూడండి. కొరికిన పెట్రోలు గొట్టం పక్కన నిప్పురవ్వ పడితే కారే ఉండదు.

6. కాగితాలు

ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ నిలబడ్డ బండికి తెలియకుండానే గడువు దాటిపోతాయి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2004 నాటి కారైతే ఇది తప్పక చూడాలి. ఫాస్టాగ్‌లో డబ్బు ఉందో లేదో చూసుకోవాలి. జాతీయ రహదారి మీద ఇబ్బంది వస్తే 1033కి ఫోను చేయవచ్చు.

7. పరీక్ష ప్రయాణం

ఇవన్నీ ప్రయాణానికి పది రోజుల ముందే పూర్తి కావాలి. ఆ తర్వాత ముందుగా 20 కిలోమీటర్లు నడిపి ఆపండి. ఒక్కొక్క చక్రం దగ్గర చెయ్యి ఉంచి చూడండి, డిస్కును ముట్టుకోవద్దు. ఒక్క చక్రమే ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోందన్నమాట. కారు కింద ఆయిలు చుక్కలున్నాయేమో చూడండి. అది బాగుంటే హైదరాబాద్ నుంచి భువనగిరి వెళ్లి రండి, సుమారు 100 కిలోమీటర్లు అవుతుంది. తిరిగొచ్చాక ఆయిలు, కూలెంటు, గాలి, చక్రాల నట్లు మళ్లీ చూడండి. ఏ లోపమైనా ఇక్కడ బయటపడితే మన మెకానిక్ ఊళ్లోనే ఉంటాడు. ప్రయాణానికి ముందురోజు మాత్రం కొత్తగా ఏ భాగమూ విప్పవద్దు.

చివరగా, డ్రైవర్లయిన అన్నలకూ, కాబోయే తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ ఒక మాట. "ఎందుకో భయంగా ఉంది సార్" అంటే యజమాని నవ్వుతాడు. "సార్, ఈ టైరు 2014ది, ఇదిగో నంబరు. బ్రేకు ద్రవం మార్చి నాలుగేళ్లయింది. మార్పించండి, లేదంటే ఇంకో కారులో పోదాం" అంటే వింటాడు. వినకపోతే ఆ రోజు కూలి పోతే పోయింది, మీరు ఇంటికి వస్తారు. చదువు మనకిచ్చే బలం ఇదే. మన మాటకు లెక్క తోడవుతుంది. అందుకే భౌతికశాస్త్రం పాఠాన్ని పరీక్షతో వదిలేయకండి. ఈ పేజీలోని అంకెలను నోటుబుక్కులో రాసుకోండి. ఇంట్లో ఎవరైనా బండి నడుపుతుంటే ఈ సెలవుల్లో వాళ్లను కూర్చోబెట్టి టైరు మీది నాలుగు అంకెలు చదివి చూపించండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ హాస్టల్ పూర్వ విద్యార్థి,
ఎం.టెక్. (మెకానికల్)