ముందు వరసలో డోళ్లు

బ్రెజిల్‌లోని సాల్వడార్‌లో హుంపిలెజ్ అనే జాజ్ బృందం ఉంది. వాళ్ల కచేరీ వీడియో పెడితే నాకు మొదట కనపడింది బట్టలే. డోళ్లు వాయించేవాళ్లు తెల్ల సూట్లు తొడుక్కుని, పెళ్లికొడుకుల్లా వేదిక నడిమధ్యన ఉంటారు. ట్రంపెట్లు, సాక్సోఫోన్లు ఊదేవాళ్లు నిక్కర్లు, చెప్పులతో వాళ్ల చుట్టూ సర్దుకుంటారు. నేను విజయవాడ చుట్టుపక్కల పెళ్లిళ్లలో, తిరునాళ్లలో ఆర్కెస్ట్రా వెనక కూర్చుని ప్యాడ్, డోలక్ వాయించి బతికేవాణ్ణి. పాడేవాళ్ల పేర్లన్నీ చదివాక టైముంటే మా పేర్లు చదువుతారు. ఆ వీడియో నన్ను ఎందుకు కూర్చోబెట్టేసిందో వేరే చెప్పాలా!

ఈ ఏర్పాటు లెటియెరిస్ లెయిటిది. 1959లో సాల్వడార్‌లోనే పుట్టాడు. వియన్నాలో సంగీతం చదువుకుని తిరిగొచ్చి, 2006లో బృందం పెట్టాడు. పియానో లేదు, గిటార్ లేదు. ఊదేవి, కొట్టేవి, అంతే. బేస్ గిటార్ చేసే పని ట్యూబా చేస్తుంది. హుం, హుంపి, లె అనే మూడు డోళ్ల పేర్లు కలిపి, చివర జాజ్‌లోని రెండక్షరాలు తగిలించి బృందానికి పేరు పెట్టాడు.

ఆ మూడూ గుడి డోళ్లు. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన జనంలో దాదాపు 50 లక్షల మందిని దించింది బ్రెజిల్‌లోనే. ఆ దేశం బానిసత్వాన్ని రద్దు చేసింది 1888లో. యజమానులు సెయింట్ల బొమ్మలు చూపించి మొక్కమంటే, బానిసలు ఆ బొమ్మల చాటున తమ దేవతల్ని దాచుకున్నారు. ఉరుముల షాంగో, నదుల తల్లి ఒషూన్, సముద్రపు తల్లి యెమంజా అలా బతికారు. ఆ మతమే కాండోంబ్లె. సాల్వడార్ ఉన్న బాయియా రాష్ట్రంలో 1976 దాకా ఆ గుళ్లు పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాల్సిందే.

పూజ సంగతి మా విజయవాడ వైపువాళ్లకి పెద్దగా విడమరచక్కర్లేదు. ఒక్కో దేవతకి ఒక్కో దరువు. దరువు పడితే దేవత భక్తుల మీదికి వస్తుంది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లలో డప్పు దరువు మారగానే జనంలో ఎవరో ఒకరు ఊగిపోవడం మనం చూసిందే. తేడా ఇంకోచోట ఉంది. అక్కడ డోలుకే దీక్ష ఇస్తారు, నైవేద్యం పెడతారు. దాన్ని వాయించే అలాబె గుడి పెద్దల్లో ఒకడు. మన దగ్గర అమ్మవారిని పిలిచేది డప్పే, కానీ డప్పు కొట్టేవాడు గుడి మెట్ల కిందే ఆగిపోయిన రోజులు మరీ పాతవేం కావు.

ఇక వాయింపు. చిన్న డోళ్లు రెండూ ఒకే వరస పట్టుకుని కదలకుండా కూర్చుంటాయి. ఆడేవాళ్ల అడుగు చూసుకుంటూ మాట మార్చేది పెద్దదైన హుం. వీటన్నిటి పైన ఒక ఇనుప గంట. తరచూ వినపడే దాని లెక్క ఒకటి చెబుతాను, చేసి చూడండి. 1 నుంచి 12 దాకా ఎంచుతూ 1, 3, 5, 6, 8, 10, 12 మీద చప్పట్లు కొట్టండి, ఆపకుండా మళ్లీ 1కి రండి. మన తాళాలకి అలవాటుపడ్డ చెయ్యి సమం ఎక్కడుందా అని కాసేపు వెతుక్కుంటుంది. లెయిటి ఊదేవాళ్లకి రాసిన స్వరాలు ఇలాంటి వరసల్లోంచి తీసినవే. అంటే డోలు పాటకి తోడు రావడం లేదు, పాటే డోలులోంచి పుడుతోంది.

ఈ దారిలో ఆయనే మొదటివాడు కాదు. స్వరకర్త మొయాసిర్ శాంటోస్ 1965లోనే ‘కోయిజాస్’ రికార్డు తెచ్చాడు. అందులో పాటలకి పేర్లకి బదులు నంబర్లు. ఆయన దగ్గర నేర్చుకున్న గిటారిస్టు బేడెన్ పవెల్, కవి వినీసియస్ డి మొరాయిస్‌తో కలిసి మరుసటేడు ఆఫ్రో-సాంబాలు అనే పాటల రికార్డు తెచ్చాడు. అవి బాగుంటాయి గానీ, నా ఓటు శాంటోస్‌కే.

మనకో చుట్టరికం కూడా ఉంది. గాంధీగారు పోయిన మరుసటేడు, 1949లో, సాల్వడార్ రేవు కూలీలు కార్నివాల్ బృందం కట్టి ‘గాంధీ బిడ్డలు’ అని పేరు పెట్టుకున్నారు. తెల్ల తలపాగాలు, తెలుపూ నీలం పూసల దండలు వేసుకుని వీధుల్లో కాండోంబ్లె దరువు ఇజెషా వాయిస్తూ నడుస్తారు. గాంధీకొండ ఉన్న మా ఊళ్లో ఈ ముక్క చెబితే ఎవరూ నమ్మరు, ఫోన్లో ఫొటో చూపించాల్సిందే.

లెయిటి 2021లో పోయాడు. శాంటోస్ సంగీతంతో హుంపిలెజ్ చేసిన రికార్డు ఆ తర్వాతేడు వచ్చింది. కొత్తగా వినేవాళ్లు 2009 నాటి మొదటి రికార్డుతో మొదలుపెట్టొచ్చు. ఈ బృందంలో వాయించిన గాబి గెడెస్ గాంతువా అనే కాండోంబ్లె గుడి దరువుల్లో పెరిగినవాడు. ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి, అందులో హుం వినపడి చావదు.