ఈతపందెం – ఖరీదైన దుస్తులు

మునేటి రేవుల్లోనూ, మోటబావుల్లోనూ నడుముకు బెండు కట్టుకొని ఈత నేర్చినవారం మనలో అనేకులం. నందిగామ, జగ్గయ్యపేటల మెట్టసీమలో ఈతకు కావలసింది ఒక పాత నిక్కరు మాత్రమే. అట్టి విద్యార్థి ఒకడు ఆ మధ్య విజయవాడలో ఈతపోటీలు చూచి వచ్చి, "అయ్యా, అక్కడ కొందరు తొడుక్కున్న సూటు ఇరవై ముప్పైవేలట. అది లేకుండా మనం దిగడం దండగేనా?" అని మమ్మల్ని అడిగాడు. ఒక్కమాటలో చెప్పదగిన జవాబు కాదు. క్రీడల పద్దు వేసే కమిటీ పెద్దలకు కూడా పనికివచ్చే విషయం గనుక వివరంగా వ్రాస్తున్నాము.

నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. వేగం రెట్టింపైతే నీటి నిరోధం దాదాపు నాలుగింతలవుతుంది. ఈ నిరోధాన్ని కొంత తగ్గించడమే ఆ సూటు పని. అది నడుమునూ తొడలనూ బిగించి, అదిరే కండను అదిమి, దేహాన్ని నున్నగా చేస్తుంది, నీటిని పీల్చుకోదు. తొడుక్కోవడానికే పది ఇరవై నిమిషాలు పడుతుంది. కొన్ని పందేలు కాగానే ఆ బిగువు సడలిపోతుంది. అందువల్లనే స్తోమత గలవారు సైతం దానిని ముఖ్యమైన పందేలకు దాచుకొని, సాధనలో మామూలు దుస్తులే ధరిస్తారు.

ఈ దుస్తుల మహిమ ఎంతవరకు పోయిందో 2008, 2009 సంవత్సరాల చరిత్ర చెబుతుంది. 2008 ఫిబ్రవరిలో స్పీడో కంపెనీ 'ఎల్.జెడ్.ఆర్. రేసర్' అనే సూటును విడుదల చేసింది. దాని బట్టల పరీక్షలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా సాయపడింది. కుట్లకు బదులు అతుకులు, పైన పాలియురిథేన్ పలకలు. ఆ యేటి బీజింగ్ ఒలింపిక్స్‌లో నెలకొన్న 25 ప్రపంచ రికార్డులలో 23 ఆ సూటు ధరించినవారివే. మరుసటి యేడు ఇతర కంపెనీలు ఇంకొక అడుగు ముందుకు వేసి నిలువెల్లా పాలియురిథేన్ సూట్లు తెచ్చాయి. రోమ్ ప్రపంచపోటీలలో 43 రికార్డులు కూలాయి. అక్కడ 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో మహామహుడైన ఫెల్ప్స్‌ను జర్మనీకి చెందిన బీడర్మన్ ఓడించినప్పుడు, గెలిచింది మనిషా, బట్టా అన్న సందేహం లోకానికి కలిగింది. తుదకు 2010 జనవరి 1 నుండి నేసిన బట్ట తప్ప మరొకటి కూడదనీ, పురుషులకు నడుము నుండి మోకాలి వరకు, స్త్రీలకు భుజాల నుండి మోకాలి వరకు మాత్రమే ఉండాలనీ అంతర్జాతీయ సమాఖ్య శాసించింది. నేటి ఖరీదైన సూట్లు ఈ హద్దులోనివే.

రోమ్ పోటీలలోనే 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో బ్రెజిల్ ఈతగాడు సియెలో నెలకొల్పిన 46.91 సెకన్ల రికార్డును, 2022లో రుమేనియా యువకుడు పొపోవిచి అదే రోమ్‌లో, నేసిన బట్టతోనే, 46.86తో దాటాడు. పదమూడేళ్ళు పట్టింది గాని దాటాడు.

అయితే సూటు వృథాయా? కాదు. బీజింగ్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో ఫెల్ప్స్ గెలిచింది సెకనులో నూరో వంతు తేడాతో. అక్కడ ఏ చిన్న లాభాన్నయినా వదలుకునేవాడు వెర్రివాడు. మన కుర్రవాని సంగతి వేరు. బావిలో నేర్చినవాడు తల పైకెత్తి ఈదుతాడు. తల లేస్తే కాళ్ళు దిగుతాయి. దిగిన కాళ్ళు నీటికి అడ్డుగోడలవుతాయి. గోడను తన్ని తిరగడం ఏటిలో నేర్చుకునేది కాదు. దిమ్మ మీదినుండి తలక్రిందుగా దూకడం అలవాటు లేదు. ఈ లోపాలలో ఒక్కొక్కటి సూటు ఇచ్చే లాభాన్ని మించి నష్టం చేస్తుంది. బిగువు దుస్తులో కాళ్ళు ఆడవని విడిచిపెట్టే మంచి ఈతగాళ్ళూ ఉన్నారు. ధనికదేశమైన అమెరికాలోనే పన్నెండేళ్ళు, అంతకు లోపు పిల్లలు ఇట్టి సూట్లు ధరించరాదని అక్కడి ఈత సంఘం 2020లో నిషేధించింది.

కనుక ఆ విద్యార్థికి మేము చెప్పింది ఇది: రాష్ట్రస్థాయి ఫైనల్‌కు చేరి, పతకం రెప్పపాటు దూరంలో ఉన్ననాడు సూటు అడుగు, కమిటీవారి తలుపు మేమే తడతాము. అంతవరకు ఆ డబ్బు కొలనులో గడిపే గంటలకు చెల్లాలి. జగ్గయ్యపేట నుండి విజయవాడ దాదాపు 80 కిలోమీటర్లు, నందిగామ నుండి 50. అతడిప్పుడు వారానికి రెండుసార్లు తెల్లవారక ముందే బస్సెక్కుతున్నాడు. ఛార్జీలు ఇంటివారే ఇస్తున్నారు.