మామిడిపండుకు కిటికీ వెలుగే మేలు

కదలదు, మెదలదు, నవ్వమంటే మొహం ముడుచుకోదు. అలాంటి పండును ఫొటో తీయడానికేం కష్టం అంటారు చాలామంది. పెళ్లిలో మనుషుల్ని తీయడంకన్నా ఇదే కష్టమంటాను నేను. మనిషి ఫొటోలో వెలుతురు కాస్త అటూ ఇటూ అయినా కళ్లలోని నవ్వు కాపాడేస్తుంది. పండుకు ఆ సదుపాయం లేదు. వెలుతురు బాగుంటేనే అది పండు, లేకపోతే పసుప్పచ్చని ముద్ద.

నాకు ఈ పిచ్చి పట్టించింది మా పెద్దాడపడుచు. నూజివీడు దగ్గర ఆవిడకు నాలుగెకరాల మామిడితోట ఉంది. బంగినపల్లి ఎక్కువ, చిన్నరసాలు కొన్ని. 2020లో లాక్‌డౌన్ వచ్చి కాయ కొనేవాడు కనిపించకపోతే, హైదరాబాదులో తెలిసినవాళ్ల అపార్ట్‌మెంట్లకు వాట్సాప్‌లో ఫొటోలు పంపి అమ్మడం మొదలుపెట్టింది. అప్పట్నుంచీ ఏటా అదే పద్ధతి. దళారీకి తోలితే వచ్చేదానికీ, పెట్టెల్లో సర్ది నేరుగా ఇళ్లకు పంపితే మిగిలేదానికీ ఎంత తేడానో తోట ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కాకపోతే కొనేవాళ్లు కాయను పట్టి చూడలేరు, వాసన చూడలేరు. వాళ్లకు కనిపించేది ఒక్క ఫొటోయే. ఆ పని నాకు అప్పజెప్పారు వదినగారు.

ముందు ఫ్లాష్ ఆపేయండి. అది కెమెరా పక్కనుంచే ఎదురుగా కొడుతుంది కాబట్టి నీడంతా పండు వెనక్కి పోతుంది. నీడ లేనిదే గుండ్రం తెలీదు. తర్వాత గదిలో ట్యూబులైటు కూడా ఆర్పేయండి. కిటికీ వెలుగు ఒక రంగు, ట్యూబులైటు ఇంకో రంగు. రెండూ కలిసి పడితే పండు ఒక చెంప ఒకలా, రెండో చెంప మరోలా వస్తుంది. బంగినపల్లి మీద కాస్త ఆకుపచ్చ ఛాయ తేలిందో, చూసేవాళ్లు పచ్చికాయలే అనుకుంటారు.

ఎండ నేరుగా పడని కిటికీ ఏదో మీ ఇంట్లో వెతుక్కోండి. ఉత్తరపు కిటికీ మంచిదని పేరు. అయితే మామిడిపండ్ల రోజుల్లో సూర్యుడు ఉత్తరానికి జరిగి ఉంటాడు కాబట్టి పొద్దున్నా సాయంత్రం ఆ కిటికీలోనూ ఎండ తొంగిచూస్తుంది. దానికి విరుగుడు పాత తెల్లపంచె. ఒక్క పొరగా కిటికీకి కట్టేస్తే చాలు, ఎండ మెత్తబడి వెలుగైపోతుంది. తొక్క మీద మెరుపు చుక్కలా గుచ్చుకోకుండా పలచగా పరుచుకుంటుంది. ఇందుకోసం ఖరీదైన గొడుగులూ లైట్లూ అమ్ముతారనుకోండి. మన పంచె చేసే పనీ అదే.

బల్ల మీద పండు పెట్టి, కిటికీ మీకు ఎడమవైపు, పండుకు కాస్త వెనగ్గా ఉండేట్టు నిలబడండి. కుడివైపు చీకటిగా ఉంటే తెల్ల అట్టో థర్మోకోల్ ముక్కో నిలబెట్టండి. వెలుగు దానిమీద పడి తిరిగొచ్చి నీడను పలచన చేస్తుంది. మరీ దగ్గరగా జరిపితే నీడ మొత్తం పోయి మళ్లీ ఫ్లాష్ కొట్టినట్టే ఉంటుంది, చూసుకుని జరపండి. బల్లను కిటికీ దగ్గరికి జరిపేకొద్దీ నీడ అంచులు మెత్తబడతాయి, దూరం లాగేకొద్దీ గట్టిపడతాయి. ఒక పూట ఇదే పనిగా జరుపుతూ చూడండి, పుస్తకాలు చదవక్కర్లేదు.

అన్ని పండ్లకూ ఒకే మందు పనిచేయదు. సీతాఫలానికి వెలుగు బాగా పక్కనుంచి, కిందుగా రావాలి. అప్పుడే ఒక్కో కన్నూ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ద్రాక్షకు వెనకనుంచి రావాలి, గింజ లోపలి వెలుగు బయటికి కనపడాలి. దాని మీద బూడిద రాసినట్టుండే పొరను మాత్రం తుడవకండి, తాజాదనానికి సాక్ష్యం అదే. బత్తాయి చక్రాలు గాజుపలక మీద పరిచి కిటికీకి ఆనించండి, తొనతొనా దీపంలా వెలుగుతుంది. అన్నిటికన్నా మొండిది నేరేడు. నల్లగుడ్డ మీద పెడితే అందులోనే కలిసిపోతుంది. దాని వెనకపక్కగా చిన్న తెల్లకాగితం నిలబెడితే అంచు వెంట సన్నని గీత మెరిసి, ఆకారం తేలుతుంది.

పళ్లెం సంగతి కూడా చెప్పాలి. స్టీలు పళ్లెం వద్దు, అందులో మీరూ మీ చేతిలో ఫోనూ కనిపిస్తారు. తెల్లపళ్లెంలో పెడితే ఫోను వెలుతురు ఎక్కువైందనుకుని పండును నల్లబరుస్తుంది. నల్లగుడ్డ మీద పెడితే తక్కువైందనుకుని పాలిపోయేట్టు చేస్తుంది. తెర మీద పండును వేలితో నొక్కితే చాలా ఫోన్లలో సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని పైకీ కిందికీ జరిపి సరిచేసుకోవచ్చు. మామిడికి నేను గోనెపట్టా వేస్తాను. పసుపు దానిమీద ఎత్తి చూపుతుంది. మరీ దగ్గరికెళ్లి తీస్తే ముందున్న కాయ గుమ్మడికాయంత, వెనకది నిమ్మకాయంత వస్తాయి. రెండడుగులు వెనక్కి వేసి రెండు రెట్లు జూమ్ చేసుకోండి. మూడు కాయలు చాలు, ఒకటి కాస్త ఎడంగా ఉండాలి. కోసిన ముక్క పెట్టాలంటే అన్నీ సర్దుకున్నాక ఆఖర్న కోయండి, లేకపోతే ఆరిపోయినట్టుంటుంది. ప్రకటనల వాళ్లు నీటిచుక్కలు నిలవడానికి గ్లిజరిన్ కలిపి చల్లుతారు. అమ్మే కాయకు నాకది నచ్చదు.

అన్నట్టు రంగు ఫొటోకూ మన వంటింటికీ చుట్టరికముంది. 1907లో ఫ్రాన్సులో లూమియేర్ సోదరులు మార్కెట్లోకి తెచ్చిన ఆటోక్రోమ్ ఫొటో పలకల్లో వాడింది బంగాళాదుంప పిండి రేణువులనే. వాటికి మూడు రంగులద్ది గాజు మీద పరిచేవారు. ఫొటో పడడానికి చాలాసేపు పట్టేది కాబట్టి కదలని పండ్లూ పూలూ దానికి బాగా కుదిరేవి. అంతకు మూడు వందల ఏళ్ల ముందే ఇటలీలో కారవాజియో అనే చిత్రకారుడు పండ్లబుట్ట బొమ్మ వేశాడు. మిలాన్‌లో ఉందది. అందులో ఆపిల్‌కు పురుగు తొలిచిన రంధ్రముంది, ఆకులు ఎండి ముడుచుకున్నాయి. అయినా అందరూ దాని ముందే నిలబడతారు.

ఆ బొమ్మను వదినగారికి ఫోన్లో చూపించాల్సి వచ్చింది. ఎందుకంటే మాకు వాదన ఎప్పుడూ మచ్చ దగ్గరే. కాయ కోసేటప్పుడు తొడిమ దగ్గర కారే సొన తొక్కను కాలుస్తుంది. లోపల పండు బాగానే ఉంటుంది, పైన మాత్రం నల్లచార.

"అమ్మాయ్, బజార్లో పళ్లమ్మేవాడు కూడా మచ్చ కిందికి తిప్పి పెట్టుకుంటాడు. నువ్వేమిటే పనిగట్టుకుని పైకి తిప్పుతావు?" అన్నారావిడ.

"బజార్లో అయితే కొనేవాళ్లు తిప్పి చూసుకుంటారు వదినగారూ. వీళ్లు పెట్టె విప్పాక చూస్తారు. అప్పుడు మనం పక్కన ఉండం కదా!" అన్నాను.

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించి, "సరే, రెండూ పంపుదాం" అన్నారు. అప్పట్నుంచీ ఒక ఫొటోలో మంచి కాయలు, ఇంకోదాంట్లో సొనచార కాయ, దాన్నే నిలువుగా కోసిన చెక్క పక్కన పెట్టి తీస్తున్నాను. కింద ఆవిడే టైపు చేస్తారు: "మచ్చ తొక్కకే. పెట్టెలో ఇలాంటివీ ఉంటాయి." మూడో ఫొటో తూకం యంత్రం మీద కాయది, గ్రాములు కనపడేట్టు. నిరుటి ఫొటో ఎంత బాగా వచ్చినా ఈ ఏటి కాయకు పంపం. కాయ సైజు ఏటా ఒకేలా ఉండదు మరి.