చివరి మనిషి చేరినప్పుడే యాత్ర పూర్తి

మాఘమాసం వచ్చిందంటే జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల రోడ్లపై తెల్లవారుజాముననే అడుగుల చప్పుడు వినవస్తుంది. మున్నేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో కొలువైన శ్రీ లక్ష్మీ తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకు బండ్లు కట్టుకొని వచ్చేవారు కొందరైతే, మొక్కుబడిగా కాలినడకన వచ్చేవారు ఎందరో. అమ్మవారి విగ్రహాలకు రంగులు వేయించేందుకు రెండేళ్ళకొకసారి జగ్గయ్యపేటకు తరలించే ఉత్సవంలోనూ భక్తులు వెంట నడుస్తారు. కృష్ణాతీరాన వేదాద్రి యోగానంద నరసింహస్వామి సన్నిధికీ, తిరుమలగిరి కొండకూ, భవానీ దీక్షాపరులు విజయవాడ ఇంద్రకీలాద్రికీ నడిచి వెళ్ళడం మన మెట్ట ప్రాంతానికి కొత్త కాదు. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం కృష్ణా జిల్లా నుండి ఎన్టీఆర్ జిల్లాలోకి మారినప్పటికీ, యాత్రల దారులు మాత్రం మారలేదు.

ఇలా బయలుదేరే ప్రతి బృందానికీ ఒక పెద్ద ఉంటాడు. అతడు మాలధారుల గురుస్వామి కావచ్చు, వీధిలోని విశ్రాంత ఉపాధ్యాయుడు కావచ్చు, నలుగురికీ తలలో నాలుకలా ఉండే గృహిణి కావచ్చు. జీతం లేదు, నియామక పత్రం లేదు. “మీరుంటే మాకు ధైర్యం” అన్న ఒక్క మాటతో ఇరుగుపొరుగువారు తమ ప్రాణాలను అతని చేతిలో పెడతారు. ఆ మాట బరువు తెలుసుకొన్నవాడే నిజమైన బృందనాయకుడు. ముందు నడిచేవాడు నాయకుడన్నది మన అలవాటులోని భావన. ఆరోగ్యరీత్యా ఆలోచిస్తే, చివర నడుస్తున్న మనిషిని కనిపెట్టి ఉండేవాడే నాయకుడు.

బయలుదేరక ముందు

బాధ్యత యాత్ర రోజున మొదలు కాదు, కనీసం పదిహేను రోజుల ముందే మొదలవుతుంది. రాదలచినవారి పేర్లు, వయస్సు, ఇంటివారి ఫోను నంబర్లు ఒక కాగితంపై వ్రాసుకోవాలి. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నాయేమో, ఏ మందులు వాడుతున్నారో ప్రతివారినీ విడిగా, మర్యాదగా అడగాలి. నలుగురిలో అడిగితే చాలామంది దాచిపెడతారు. గర్భిణులు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, జ్వరం నుండి అప్పుడే కోలుకొన్నవారు వైద్యుని అనుమతి లేనిదే నడకకు రాకూడదు.

వాతపిత్త రోగులు, పసిపిల్లలు, వృద్ధులు, అజీర్ణంతో బాధపడేవారు వ్యాయామాన్ని మానుకోవాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. మొక్కు ఉన్నది కనుక అటువంటివారు కూడా రావాలనుకోవడం సహజం. వారి భక్తిని నొప్పించకుండా, “అత్తయ్యగారూ, మీరు బండిలో రండి, చివరి కిలోమీటరు మాతో కలిసి నడవండి” అని ఒప్పించగల నేర్పు నాయకునికి ఉండాలి. బృందం వెంట ఒక ఆటోనో, బండినో తప్పక ఏర్పాటు చేసుకోవడం ఇందుకోసమే.

జగ్గయ్యపేట నుండి పెనుగంచిప్రోలుకు సుమారు ఇరవై కిలోమీటర్లు. రోజంతా కుర్చీలో కూర్చొనే మనిషి ఒక్కసారిగా ఇంత దూరం నడిస్తే మోకాళ్ళు, పిక్కలు పట్టేస్తాయి. కనుక రెండు వారాలపాటు రోజూ కొంత కొంత పెంచుతూ నడిపించాలి. జగ్గయ్యపేట వారికి ఊరి చెంతనే ధనంబోడు ఉన్నది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వకాలు జరిపించిన బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బ అది. సాయంకాలం అక్కడిదాకా ఒకసారి కలిసి నడిస్తే ఎవరి నడక ఎంతటిదో నాయకునికి తెలిసిపోతుంది.

అర్ధశక్తి సూత్రం

బలవంతులు సైతం, చలికాలంలోనూ వసంతంలోనూ కూడా, తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని, మిగిలిన ఋతువులలో అంతకన్నా తగ్గించాలని అష్టాంగహృదయం చెబుతున్నది. ఆ సగాన్ని గుర్తించడం ఎలా? ముక్కుతో సాగే శ్వాస నోటికి రావడమే అర్ధబలానికి గుర్తు అని సుశ్రుతసంహిత తెలిపింది. నుదుట, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండిపోవడం కూడా అటువంటి సూచనలే. ఆధునిక వైద్యులు చెప్పే పరీక్ష సైతం దీనికి దగ్గరగానే ఉంటుంది. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్లు, మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకోవలసి వస్తే వేగం ఎక్కువైనట్లు.

ఈ సూత్రాన్ని ఎవరి శక్తికి అన్వయించాలన్నదే ముఖ్యం. నాయకుని శక్తికి కాదు, బృందంలో అందరికన్నా బలహీనుని శక్తికి. అరవై ఏళ్ళ మనిషి గంటకు మూడు కిలోమీటర్లు నడవగలిగితే బృందపు వేగం అదే. గంటకు పది నిమిషాల విశ్రాంతిని కలుపుకొంటే ఇరవై కిలోమీటర్లకు దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది. తెల్లవారుజామున మూడు గంటలకు బయలుదేరితేనే ఎండ ముదరకముందు చేరగలమన్న లెక్క ఇక్కడినుండే వస్తుంది.

ముందు ఒకరు, వెనుక ఒకరు స్థిరంగా ఉండాలి. వెనుక ఉండేవాడు ఎట్టి పరిస్థితులలోనూ ఎవరినీ తనకన్నా వెనుక విడువరాదు. ముందున్నవారు కూడలి వద్ద ఆగి, వెనుకవారు చేరిన వెంటనే తిరిగి లేచి నడవడం చాలాచోట్ల కనిపించే పొరపాటు. దానివల్ల విశ్రాంతి అవసరం లేనివారికి విశ్రాంతి, అవసరమైనవారికి శ్రమ దక్కుతాయి. చివరి మనిషి వచ్చి కూర్చొన్న తరువాతనే విశ్రాంతి సమయాన్ని లెక్కించాలి. ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టాలి.

ఆపుకోరాని వేగాలు

చరకుడు సూత్రస్థానంలో పదమూడు సహజ వేగాలను పేర్కొని, వాటిని బలవంతంగా ఆపుకోరాదని హెచ్చరించాడు. మూత్రం, దప్పిక, ఆకలి వాటిలోనివే. శ్రమ వలన కలిగే ఆయాసపు శ్వాస కూడా వాటిలో ఒకటి. ఆయాసపడుతున్న మనిషిని “ఇంకెంత, వచ్చేశాం” అంటూ తొందరపెట్టడం ఆయుర్వేదం దృష్టిలోనూ దోషమే.

ఇక్కడ గృహస్థులు బయటికి చెప్పుకోని ఒక సంగతి ఉన్నది. దారిలో మరుగుదొడ్డి దొరకదన్న సంకోచంతో పలువురు స్త్రీలు ముందురోజు రాత్రి నుండే నీరు త్రాగడం మానేస్తారు. ఎండలో కళ్ళు తిరిగి పడిపోయేవారిలో వీరు కూడా ఉంటారు. మూత్రంలో మంట, తలనొప్పి యాత్ర ముగిశాక కూడా బాధిస్తాయి. కాబట్టి నాయకుడు రెండు మూడు రోజుల ముందే దారి వెంట నడిచి, పెట్రోలు బంకులు, గుడి సత్రాలు, తెలిసినవారి ఇళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి రావాలి. బృందంలోని ఒక పెద్ద ముత్తైదువకు ఆ వివరాలు చెప్పి, స్త్రీలకు ఆమె ద్వారా తెలియజేయించాలి. ఈ చిన్న ఏర్పాటు ఏ మందూ చేయలేని మేలు చేస్తుంది.

నీరు, ఆహారం

దప్పిక వేసేవరకు ఆగక, ఇరవై నిమిషాలకొకసారి కొన్ని గుక్కలు త్రాగించాలి. పలుచని ఉప్పు మజ్జిగ, నిమ్మరసం, బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన పానకం మన ఇళ్ళలో ఉన్న చక్కని పానీయాలు. విరేచనాలు గాని, విపరీతమైన చెమట గాని ఉంటే ఓఆర్ఎస్ పొడి కలిపిన నీరు శ్రేష్ఠం. అది లేనప్పుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు తలకొట్టిన టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి ఇవ్వవచ్చు. ఉప్పు పాలు పెంచరాదు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు తమకు తగిన పానీయమేదో వైద్యుని ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

కడుపు నిండా తిని నడవరాదు, ఉపవాసంతోనూ నడవరాదు. అటుకులు, అరటిపండు, వేరుశనగ బెల్లం ఉండలు తేలికగా శక్తినిస్తాయి. పులిహోర నిలువ ఉంటుంది. రాత్రి కలిపిన పెరుగన్నం ఎండకు పులిసి కడుపును పాడుచేస్తుంది. మధుమేహానికి మందు వేసుకొన్నవారు ఆహారం మానితే చెమటలు, వణుకు, తికమక కలుగుతాయి. అట్టి లక్షణాలు కనిపించిన వెంటనే, మింగగల స్థితిలో ఉంటే, గ్లూకోజు గాని పంచదార నీరు గాని ఇవ్వాలి.

పాదాల రక్షణ

తల, చెవులు, పాదాలకు ప్రత్యేకించి తైలం అలవరచుకోవాలని వాగ్భటుని ఉపదేశం. బయలుదేరే ముందు పది రోజులు రాత్రివేళ నువ్వులనూనెతో అరికాళ్ళు మర్దన చేయించుకోవడం మంచిది. కొత్త చెప్పులతో యాత్రకు రావద్దని నాయకుడు ముందే చెప్పాలి. వట్టి కాళ్ళతో నడుస్తామని మొక్కుకొన్నవారు ఉదయపు చల్లని వేళలో నడిచి, తారు వేడెక్కగానే పాదరక్షలు ధరించవచ్చు. మధుమేహులలో పాదాల స్పర్శ తగ్గి ఉండవచ్చు గనుక, కాలినా గుచ్చుకొన్నా వారికి తెలియదు. వారు వట్టి కాళ్ళతో నడవనే కూడదు. ఆగినచోట వారి అరికాళ్ళు చూడడం నాయకుని విధి. బొబ్బ లేస్తే చిదపరాదు. సబ్బునీటితో కడిగి, ఆరనిచ్చి, శుభ్రమైన గుడ్డ కట్టాలి. చితికిన బొబ్బపై తైలాలు, పసర్లు రాయవద్దు.

రోడ్డు, ఏరు, కొండ

హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి ఈ ప్రాంతం మీదుగానే సాగుతుంది. కాలిబాట లేనిచోట ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేలా కుడివైపు అంచున, ఒకరి వెనుక ఒకరుగా నడవాలి. చీకటిలో లేత రంగు దుస్తులు, మెరిసే పట్టీలు, ముందూ వెనుకా టార్చిలైట్లు అవసరం.

మున్నేటి స్నానం పుణ్యమే, కాని లోతు తెలియని చోట దిగరాదు. ఇసుక తీసిన గోతులు పైకి కనబడవు. ఎగువన ఖమ్మం వైపు కురిసిన వానకు, ఇక్కడ ఎండ కాస్తుండగానే ఏరు పొంగవచ్చు. 2023 జూలైలో నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేటి వరద జాతీయ రహదారి మీదికే వచ్చి రాకపోకలు నిలిచిపోయాయి.

కొండలెక్కేవారికి ఎండాకాలంలో మరొక భయం ఉన్నది. తమిళనాడులోని కురంగణి కొండలలో 2018 మార్చి 11న కార్చిచ్చు చెలరేగి, నడకకు వెళ్ళిన బృందాలలోని ఇరవైమందికి పైగా మరణించారు. ఎండుగడ్డి పేరుకొన్న కొండకు అటవీశాఖ అనుమతి లేకుండా ఎవరినీ తీసుకొనిపోరాదు. దారి తెలిసిన స్థానికుని వెంటబెట్టుకోవాలి, కొండపై నిప్పు రాజేయరాదు.

ఆపద వేళ

నందిగామలో వేసవిలో 45 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజులు ఉన్నాయి. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో వేయిమందికి పైగా చనిపోయారు. మాట తడబడడం, తికమక, ఒళ్ళు కాలిపోవడం, స్పృహ తప్పడం వడదెబ్బ లక్షణాలు. వెంటనే 108కి ఫోను చేసి, నీడకు చేర్చి, ఒళ్ళంతా నీటితో తడిపి విసరాలి. మెడ, చంకలు, గజ్జలలో తడిగుడ్డలు ఉంచాలి. స్పృహ లేనివారి నోట నీరు, పానకం, మందు ఏదీ పోయరాదు. ఉల్లిరసం పూస్తూ కాలయాపన చేయరాదు.

ఛాతీలో నొప్పి, ఎడమ భుజానికి ప్రాకే బాధ, చల్లని చెమట ఉంటే వాయువని భావించి వాము నమలనివ్వక, నడక ఆపించి ఆసుపత్రికి పంపాలి. పాము కాటుకు కట్లు బిగించడం, గాటు పెట్టడం, ఆకుపసరు పోయడం ప్రమాదకరం. కాటుపడిన అవయవం కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమొక్కటే మార్గం. గృహవైద్యాన్ని అభిమానించే పత్రికలోనే ఈ మాట వ్రాస్తున్నాము. ఏ వేళకు ఏది తగునో ఎరగడం కూడా వైద్యంలో భాగమే.

నాయకుని నిగ్రహం

నాయకునికి అన్నిటికన్నా కష్టమైన పని “ఇక వద్దు, ఆగుదాం” అనడం. మొక్కు సగంలో ఆగిపోతే అరిష్టమని పెద్దలు బాధపడతారు, కుర్రవాళ్ళు ఎగతాళి చేస్తారు. అయినా ఎండ ముదిరినప్పుడు, ఏరు పెరిగినప్పుడు, ఒక్కరి పరిస్థితి బాగోలేనప్పుడు ఆ మాట అనగలగాలి. అందుకే ఎన్ని గంటలకు ఎక్కడిదాకా చేరకపోతే నడక విరమించి బండి ఎక్కాలో ముందురోజే అందరి ఎదుటా నిర్ణయించుకోవడం మేలు. అప్పుడు ఆ నిర్ణయం ఒక మనిషి మాటగా కాక, అందరి ఒప్పందంగా నిలుస్తుంది.

దర్శనం కాగానే బాధ్యత తీరిపోయిందనుకోరాదు. అలసిన శరీరాలు ఏ వాహనం దొరికితే దానిలో ఎక్కుతాయి. 2020 జూన్ 17న వేదాద్రి దర్శనం చేసుకొని ట్రాక్టరులో తిరిగి వెళుతున్న ఖమ్మం జిల్లా భక్తులను లారీ ఢీకొని పదిమందికి పైగా మరణించిన విషాదం ఈ ప్రాంతం మరువలేనిది. తిరుగు ప్రయాణానికి బస్సును ముందే నిర్ణయించుకోవాలి. ట్రాక్టరు ట్రక్కులలో మనుషులను ఎక్కించరాదు.

ఇంటికి చేరిన రాత్రి ప్రతివారికీ ఫోను చేసి “చేరారా? కాళ్ళు ఎలా ఉన్నాయి?” అని అడగాలి. గోరువెచ్చని నీటితో కాళ్ళు కడుక్కొని, పుండ్లు లేనిచోట నువ్వులనూనె రాసుకోమని చెప్పాలి. జాబితాలోని చివరి పేరుకు ఎదురుగా గుర్తు పెట్టిన తరువాతనే నాయకుడు తన పాదాలకు నూనె రాసుకోవాలి.