బేరము కుదిరిన పిమ్మట

పెండ్లికో పేరంటమునకో వలసిన వస్తువును ఇంటనే కూర్చుండి, చేతిలోని ఫోనులో చూచి, వెల చెల్లించి కొనుట నేడు మన పల్లెలలో సైతము వాడుకలోనికి వచ్చినది. బందరు లడ్డు, చిలకలపూడి రోల్డుగోల్డు నగ, పెడన కలంకారీ దుప్పటి మున్నగునవి అమ్మువాని ముఖమును కొనువాడు చూడకయే దూరదేశములకు తరలిపోవుచున్నవి. మీట నొక్కగానే బేరము ముగిసినదని మనము తలంతుము. నిజమునకు పని అప్పుడే ఆరంభమగును. ఆ పని నడచు త్రోవ యెట్టిది, ఆ త్రోవను మార్చి కట్టుకొనునప్పుడు అంగడివారు ఏ జాగ్రత్తలు వహింపవలెను అను విషయమును ఇచట ముచ్చటించుకొందము.

కొంతకాలము క్రిందట మా బంధువుల ఇంటి బాలికకు కూచిపూడిలో గజ్జెపూజ నిశ్చయమైనది. ఆమెకు వలసిన నాట్యపు నగలను నేనే ఒక అంగడి వెబ్‌సైటులో కొని సొమ్ము చెల్లించితిని. “మీ ఆర్డరు అందినది” అను జాబు తక్షణమే వచ్చెను. నగలు మాత్రము రాలేదు. ఐదవనాడు ఫోనుచేసి అడుగగా అంగడివారు దాచక చెప్పిరి: “అయ్యా, మొన్న సాఫ్ట్‌వేరు మార్చితిమండి. ఆ రెండు దినములలో వచ్చిన ఆర్డర్లు మా గిడ్డంగి పట్టీలోనికి ఎక్కలేదు.” సొమ్ము చేరినది, ఆర్డరు చేరినది, పొట్లము కట్టవలసిన వానికి మాత్రము కబురు చేరలేదు. ఆ పిల్ల ఎరువు తెచ్చిన సొమ్ములతో గజ్జె కట్టెను.

ఇందు దుర్బుద్ధి గలవారు ఎవ్వరును లేరు. తప్పు ఎచట జరిగినదో తెలియవలెనన్న, ఒక ఆర్డరు ఎన్ని చేతులు మారునో చూడవలెను. వస్తువును చూపి సొమ్ము పుచ్చుకొనునది మొదటిది; అది అంగడివారి సొంత వెబ్‌సైటు కావచ్చును, అమెజాను వంటి పెద్ద సంత కావచ్చును. నిలువలో ఎన్ని మిగిలినవో లెక్కించునది రెండవది. గిడ్డంగిలో వస్తువును తీసి పొట్లము కట్టించునది మూడవది. తపాలాకో కొరియరుకో అప్పగించి, జాడ తెలుపు సంఖ్యను పుచ్చుకొనునది నాల్గవది. జీఎస్టీ బిల్లు వ్రాసి పద్దు కట్టునది ఐదవది. వెనుకటి కాలమున ఈ ఐదు పనులను ఒక్క గుమాస్తా ఒక్క పుస్తకముతో నిర్వహించెడివాడు. 1877లో మన దేశమున ఆరంభమైన వి.పి.పి. పద్ధతిలో సొమ్ము వసూలును తపాలావారే చూచెడివారు. ఇప్పుడు ఒక్కొక్క పనికి ఒక్కొక్క సాఫ్ట్‌వేరు ఏర్పడినది. ఒకరు చెప్పినది మరియొకరికి తెలియుటకు వాని నడుమ ఒక ఒప్పందము వలయును. ఏ గడిలో పేరు, ఏ గడిలో వెల, ఏ గడిలో చిరునామా వ్రాయవలెనో నిర్ణయించు ఆ ఒప్పందమునకే ఏపీఐ అని పేరు.

ఒప్పందము ఒకమారు కుదిరిన చాలదా, మాటిమాటికి మార్చనేల అని ప్రశ్నింపవచ్చును. మార్పు సాధారణముగా అవతలి పక్షమునుండి వచ్చును. అమెజాను సంస్థ చిరకాలము నడపిన ఎండబ్ల్యుఎస్ అను పద్ధతిని 2024 మార్చి 31తో ముగించి, దాని స్థానమున ఎస్పీ-ఏపీఐ అనుదానిని నిలిపినది. క్రొత్త పద్ధతిలో ప్రవేశపు టోకెను ఒక గంట మాత్రమే చెల్లును. కొనువాని పేరు, చిరునామా చూచుటకు ప్రత్యేకానుమతి వలయును. కొనువారి గుట్టును కాపాడుటకు ఇది మంచి ఏర్పాటే. షాపిఫై సంస్థ మూడు నెలలకొకమారు క్రొత్త కూర్పును వెలువరించి, ఒక్కొక్క కూర్పును కనీసము పండ్రెండు నెలలు ఆదరించును. ఆ గడువులోగా మారని అంగడికి చిక్కులు తప్పవు.

మన ఇంటి ముంగిటనే జరిగిన మార్పులను చూడుడు. 2025 ఆగస్టు నాటికి తపాలాశాఖ తన క్రొత్త కంప్యూటరు వ్యవస్థను దేశమంతట నెలకొల్పినది. రిజిస్టర్డు పోస్టు స్పీడు పోస్టులో విలీనమైనది. సెప్టెంబరు 22 నుండి అనేకములగు చేతిపని వస్తువులపై జీఎస్టీ 12 శాతము నుండి 5 శాతమునకు తగ్గినది. దసరా గిరాకీ ముంచుకొనివచ్చు దినములలోనే ఇవన్నియు చిన్న వర్తకుని నెత్తిపై పడినవి. వాని సాఫ్ట్‌వేరు పాత పేరునే, పాత పన్నునే పట్టుకొని వ్రేలాడినచో పొట్లము నిలిచిపోవును. లేదా బిల్లు తప్పగును.

కృష్ణా డెల్టా రైతు ఇట్టి సంకటమును ఎరుగును. లాకులకును తలుపులకును మరమ్మతులు వేసవిలో కాలువలు కట్టిన పిమ్మట చేయుదురుగాని, నారుమళ్లు నీటికై ఎదురుచూచు వేళ చేయరు. అంతర్జాల వ్యాపారమున చిక్కు ఏమనగా, ఈ కాలువ ఎన్నడును కట్టబడదు. మనము నిద్రించు వేళ అమెరికాలోని తెలుగువారు ఆర్డరు పెట్టుచునే యుందురు. కావున పాతకాలువ పారుచుండగనే ప్రక్కన క్రొత్తది త్రవ్వి, ముందు కొద్దిపాటి నీటిని మాత్రమే అందులోనికి మళ్లించి చూడవలెను.

అట్లు చూచునప్పుడు మొట్టమొదట పరీక్షింపవలసినది చిరునామా. మన నాట్యమునకు పుట్టినిల్లైన కూచిపూడి కృష్ణాజిల్లా మొవ్వ మండలములోనిది. దాని పిన్ 521136. అదే పేరుగల మరియొక గ్రామము బాపట్ల జిల్లా అమృతలూరు మండలమున కలదు. 1972 ఆగస్టు 15న పిన్ కోడులు ఏర్పడుటకు ఇట్టి సమాన నామములును ఒక కారణము. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పునర్విభజింపబడినవి. క్రొత్త సాఫ్ట్‌వేరులో జిల్లాల పట్టిక పాతదైనను, మండలము పేరు గడిలో పట్టక తెగిపోయినను, గజ్జెలు ఒక ఊరికిని నగలు మరియొక ఊరికిని పోవుట అసంభవము కాదు.

రెండవది నిలువ లెక్క. పెడనలో చెక్క అచ్చులతో అద్దిన బట్టకు ఉడికించుట, ఉతుకుట, ఆరవేయుట అను పనులు ఒకదాని వెనుక నొకటి దినముల తరబడి సాగును. ఒకే చీరను రెండు సంతలలో చూపినప్పుడు, ఒకచోట అమ్ముడైన కబురు రెండవచోటికి ఆలస్యముగా చేరినచో ఆ ఒక్క చీరకు ఇద్దరు యజమానులు ఏర్పడుదురు. తెల్లవారునప్పటికి మరియొక చీర సిద్ధము కాదు.

మూడవది కబురు తప్పిపోవుట, ఇనుమడించుట. తంతి తెగినవేళ పంపిన సందేశము అందనిచో దానిని మరల పంపవలెను. కాని రెండుమారులు అందిన ఆర్డరునకు రెండు పొట్లములు కట్టరాదు. ప్రతి ఆర్డరునకు మారని సంఖ్య ఒకటి యుండి, ఆ సంఖ్య మరల కనబడినచో ఇది పాతదేయని క్రొత్త సాఫ్ట్‌వేరు గుర్తింపవలెను. అర్థముకాని ఆర్డరును పారవేయక, మనిషి కంటబడునట్లు వేరుగా నుంచవలెను. నేను కొన్న నగల ఆర్డరును అట్లు వేరుగా నుంచియున్నచో మొదటిదినముననే ఎవరో ఒకరు చూచియుందురు.

అన్నిటికంటె ముఖ్యమైనది సాయంకాలపు సరిచూపు. చిట్టాను ఆవర్జాతో సరిచూడక పూర్వపు గుమాస్తా దీపము ఆర్పెడివాడు కాడు. అట్లే మార్పు జరిగిన దినములలో వచ్చిన ఆర్డర్లెన్ని, కట్టిన పొట్లములెన్ని, వ్రాసిన బిల్లులెన్ని, తపాలావారు ఒప్పుకొన్నవెన్ని అని నాలుగు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనవలెను. నలుబది ఆర్డర్లకు ముప్పదియెనిమిది పొట్లములే కనబడినచో, మిగిలిన రెండును ఎవరివో పేర్లతో తెలియువరకు పాత మార్గమును మూయరాదు. క్రొత్తది విఫలమైనచో పాతదానికి మరలుటకు వీలుండవలెను. మరలునప్పుడు నడుమ వచ్చిన ఆర్డర్లను చేతితోనైనను ఎక్కించుకొనవలెను.

ఈ జాగ్రత్తలకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. కొంత ఓపిక, ఒక కాగితము, పండుగకు దూరముగా ఎంచుకొన్న ఒక వారము చాలును. కొనువారు చేయవలసినదియు ఒకటి కలదు. శుభకార్యమునకు కొన్న వస్తువునకు జాడసంఖ్య రెండు మూడు దినములలో రానిచో మొగమాటపడక అడుగవలెను. “ఆర్డరు అందినది” అని వచ్చిన జాబు యంత్రము పంపినదే యైనను, ఆ మాట అంగడివానిదే. నాకు రావలసిన నగలు గజ్జెపూజ గడచిన తొమ్మిదవనాడు వచ్చినవి. ఆ పిల్ల వానిని ఒకమారు పెట్టుకొని అద్దములో చూచుకొని, మరల డబ్బాలో భద్రపరచెను.