మూడో చక్రం చేసే పని

హౌరాలో బర్ధమాన్ వైపు లోకల్ రైలెక్కితే మొదట వచ్చే స్టేషన్ లిలువా. రైలుపెట్టెల మరమ్మతు కర్మాగారమే ఆ ఊరికి గుర్తు. అదే లైన్లో ఉత్తరపాడా దాటితే హింద్‌మోటార్. 2014 మే దాకా అంబాసిడర్ కార్లు తయారైన చోటు. 1957లో ఈ దారిన శేవరాఫులి వరకు కరెంటు లోకళ్లు మొదలయ్యాయి. రైలూ కారూ వెనక్కి నడవాల్సినవే కానీ, నడిచే తీరు వేరు.

ఆనాటి లోకల్ రైళ్లలో డీసీ మోటార్లుండేవి. మోటారులోని ఫీల్డు చుట్టలో కరెంటు దిశ మార్చితే చాలు, అది ఎదురు తిరుగుతుంది. ఫీల్డుకూ, తిరిగే భాగమైన ఆర్మేచర్‌కూ రెండింటికీ మార్చితే మాత్రం మళ్లీ ముందుకే! రెండు తిరగేతలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

కారు ఇంజన్‌ను అలా తిప్పలేం. దాని వాల్వులు తెరుచుకుని మూసుకునే వరస ఒక దిశకే కుదిర్చి ఉంటుంది. 1886 నాటి బెంజ్ మూడు చక్రాల బండికి రివర్సే లేదు. తర్వాతి బండ్లలో ఆ భారం గేర్‌బాక్సు మీద పడింది. పళ్లు కలిసిన రెండు చక్రాలు ఎప్పుడూ ఎదురెదురుగా తిరుగుతాయి. ఇంజన్ షాఫ్టు నుంచి కింది లేషాఫ్టుకు ఒక తిరగేత, అక్కణ్నుంచి మెయిన్ షాఫ్టుకు ఇంకొకటి. కాబట్టి బండి ముందుకెళుతుంది. లేషాఫ్టుకూ మెయిన్ షాఫ్టుకూ నడుమ ఐడ్లర్ అనే చిన్న చక్రాన్ని దూర్చితే తిరగేతలు మూడవుతాయి, బండి వెనక్కి వస్తుంది.

నన్నడిగితే, గేర్‌బాక్సులో తయారీదారు పిసినారితనం చూపేది ఇక్కడే. ముందు గేర్లకు ఏటవాలు పళ్లు, వేగాలు కలిపే సింక్రో. రివర్స్‌కు చాలా బండ్లలో అవి రెండూ ఉండవు. నిటారు పళ్లు గనకే వెనక్కి వచ్చేటప్పుడు ఆ కూత. సింక్రో లేదు గనకే బండి పూర్తిగా ఆగకుండా వేస్తే కరకర. రోజూ అలా వేస్తే పళ్ల అంచులు చితికి, గేరు పడ్డా జారిపోతుంది.

బండి ఆగి, క్లచ్ తొక్కి కొన్ని క్షణాలు ఆగాక వేసినా కరకరమంటే క్లచ్‌ను అనుమానించాలి. పెడల్ పూర్తిగా తొక్కినా అది వదలకపోతే లేషాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. ముందు ఫస్టు వేసి, తర్వాత రివర్స్ వేసి చూడండి. ఫస్టుకు సింక్రో లేని పాత అంబాసిడర్‌లో అయితే సెకండు. సింక్రో ఆ షాఫ్టును ఆపుతుంది. శబ్దం లేకుండా రివర్స్ పడిందా, ఇక చూడాల్సింది క్లచ్‌నే. పన్నుకు పన్ను అడ్డుపడి గేరు అసలు దిగకపోవడం వేరు. న్యూట్రల్‌లో క్లచ్ ఒకసారి వదిలి మళ్లీ తొక్కితే సరిపోతుంది.

మిగతా గేర్లన్నీ బాగా పడుతూ రివర్స్ ఒక్కటే మొరాయిస్తే ఐడ్లర్, దాన్ని జరిపే ఫోర్కు, బయటి రాడ్లు చూడాలి. చూడటం రాడ్లతో మొదలుపెట్టాలి. పాత అంబాసిడర్‌కు గేరు కర్ర స్టీరింగ్ పక్కన ఉండేది. అక్కణ్నుంచి గేర్‌బాక్సు దాకా రాడ్లు. వాటి బుష్‌లు అరిగితే కర్ర మొత్తం కదిలినా లోపలి ఫోర్కు పూర్తిగా కదలదు. గేర్‌బాక్సు దించకుండానే తేలిపోయే జబ్బు అది.