ప్రైజ్ మనీ ఎవరి జేబులోంచి వస్తుంది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లకు రియాద్ అంటే పని దొరికే ఊరు. వాళ్ల పిల్లలకు మాత్రం అది ఈ-స్పోర్ట్స్ (వీడియో గేమ్ పోటీల) వరల్డ్ కప్ జరిగిన ఊరు. 2024లో అక్కడ జరిగిన మొదటి పోటీల మొత్తం బహుమతులు 6 కోట్ల డాలర్లు. 2025 సెప్టెంబరులో జర్మనీలోని హాంబర్గ్‌లో డోటా 2 అనే వీడియో గేమ్ ప్రపంచ టైటిల్ గెలిచిన టీమ్ ఫాల్కన్స్ కూడా సౌదీ సంస్థే. ఇలాంటి వార్తలు ఫోన్‌లో చూసిన పిల్లవాడు ‘నేనూ ఆడతా’ అంటే, ఇంట్లోవాళ్లకు వచ్చే మొదటి అనుమానం ఒకటే: ఇది ఆటా, జూదమా? జవాబు కావాలంటే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి.

డోటా 2 ప్రపంచ పోటీ పేరు ‘ది ఇంటర్నేషనల్’. ఆటను తయారుచేసిన అమెరికా కంపెనీ వాల్వ్ దీన్ని 2011లో జర్మనీలోని కొలోన్‌లో మొదలుపెట్టింది. కోవిడ్ వల్ల 2020లో ఆగింది తప్ప, ఏటా జరుగుతూనే ఉంది. టీమ్‌కు ఐదుగురు. మ్యాపులో ఎదురెదురు మూలల్లో చెరో కోట. అవతలివాళ్ల కోటలోని ప్రధాన కట్టడాన్ని ముందుగా కూల్చినవాళ్లదే గెలుపు. వందకు పైగా ఉన్న పాత్రల్లోంచి ఒక్కొక్కరు ఒకటి తీసుకోవాలి. ఒకరు తీసుకున్నది ఇంకొకరికి దొరకదు. ఎదుటి టీమ్‌కు దక్కకూడదనుకున్న పాత్రలను ముందే నిషేధించవచ్చు కూడా. అందుకే వేళ్ల వేగం ఒక్కటే చాలదు. ఎదుటివారి ఎత్తు పసిగట్టాలి, ఐదుగురూ ఒక్కమాట మీద నడవాలి.

ఇక డబ్బు సంగతి. 2011లో మొత్తం బహుమతి 16 లక్షల డాలర్లు. అది వాల్వ్ సొంత డబ్బు. 2013 నుంచి కంపెనీ కొత్త దారి పట్టింది. పోటీల సమయంలో అభిమానులకు ఆటలోని అలంకారాలు, ప్రత్యేక హంగులు అమ్మి, ఆ రాబడిలో పావువంతు బహుమతి మొత్తానికి కలిపింది. అలా పెరిగి పెరిగి, 2021లో రొమేనియాలోని బుకారెస్ట్‌లో జరిగిన పోటీ నాటికి అది 4 కోట్ల డాలర్లు దాటింది. అప్పటి లెక్కన దాదాపు 300 కోట్ల రూపాయలు. గెలిచిన టీమ్ స్పిరిట్‌కు అందులో 1.82 కోట్ల డాలర్లు దక్కాయి. బహుమతికి చేరింది పావువంతే కాబట్టి, దానికి దాదాపు మూడింతల రాబడి కంపెనీకి చేరిందన్నమాట.

2023లో వాల్వ్ ఆ అమ్మకాల పద్ధతి మార్చేసింది. బహుమతి మొత్తం ఒక్కసారిగా 30 లక్షల డాలర్ల చిల్లరకు పడిపోయింది. మామూలు ఆటలకూ వీటికీ తేడా ఇక్కడే ఉంది. క్రికెట్‌కు, కబడ్డీకి యజమాని లేడు. బ్యాటు, బంతి ఉంటే ఎవరైనా పోటీ పెట్టుకోవచ్చు. వీడియో గేమ్‌కు మాత్రం యజమాని ఉంటాడు. నియమం మార్చినా, బహుమతి తగ్గించినా, ఆటనే మూసేసినా అతని ఇష్టం.

మన దగ్గర యజమాని ఇష్టానికి ప్రభుత్వ నిర్ణయం కూడా తోడవుతుంది. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించింది. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 జులైలో మళ్లీ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. దాని మీదే భవిష్యత్తు అనుకున్న కుర్రాళ్లు అన్నాళ్లూ దిక్కుతోచక ఉండాల్సి వచ్చింది.

బీజీఎంఐ జాతీయ పోటీ ఫైనల్స్ 2024 జూన్ చివర్లో హైదరాబాద్ హైటెక్స్‌లోనే జరిగాయి. మొత్తం బహుమతి 2 కోట్ల రూపాయలు. గెలిచింది టీమ్ ఎక్స్‌స్పార్క్. దేశమంతటి నుంచి వడపోత తర్వాత ఫైనల్స్‌కు మిగిలినవి 16 టీమ్‌లు. టీమ్‌కు నలుగురు చొప్పున, ఆ వేదిక మీద ఆడే చోటు 64 మందికే. మిగతావాళ్లకు మిగిలేది సరదా ఒక్కటే. అది తప్పేమీ కాదు, కానీ చదువు మానేసి పట్టుకోవాల్సిన దారి కూడా కాదు.

ఆటకూ జూదానికీ తేడా ఎక్కడుంది? 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ గీత గీసింది. ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహించాలంది, డబ్బు పందెం ఆటలను నిషేధించింది. అలాంటి ఆటలు నడిపేవారికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. తెలంగాణ అయితే 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఈ-స్పోర్ట్స్ పోటీలో రిజిస్ట్రేషన్ ఫీజు ఉండవచ్చు. ఆట ఫలితం మీద పందెం ఉండకూడదు. అసలైన పోటీలో బహుమతి నిర్వాహకులు, స్పాన్సర్లు, ఆటలో వస్తువులు కొనే అభిమానుల నుంచి వస్తుంది. పందెం యాప్‌లో ఒకరు గెలిచే డబ్బు ఇంకొకరు పోగొట్టుకున్నదే. అందులోనూ నడిపేవాడు తన వాటా ముందే తీసుకుంటాడు.

కాబట్టి పిల్లవాడు ‘టోర్నమెంట్’ అన్నప్పుడు కోప్పడకముందు మూడు మాటలు అడగండి. పోటీ పెట్టేదెవరు? బహుమతి ఇచ్చేదెవరు? ఓడిపోతే మన డబ్బు ఎంత పోతుంది? మూడో ప్రశ్నకు ‘ఏమీ పోదు’ అనో, ‘చిన్న ఫీజు మాత్రమే’ అనో జవాబొస్తే అది ఆట. అప్పుడు చదువుకు, నిద్రకు అడ్డం రాకుండా సమయం కట్టడి చేస్తే చాలు. ‘ఎంత పెడితే అంతకు రెట్టింపు’ అని జవాబొస్తే ఆ యాప్‌ను అప్పుడే తీయించండి. ఎవరైనా మోసం చేసి ఖాతాలోంచి డబ్బు లాగితే సిగ్గుపడి దాచొద్దు, ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.